అమ్మ నిద్రలో ఉంది

నెల్లిమర్ల,
12 జూన్ 2023

చెల్లి షాలినికి,

ప్రభువు నామంలో మీ అప్ప లీలారాణి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ఇవాళ పొద్దున్న చోడంబలి కాస్తుంటే, ఐదేళ్ళ కిందట నువ్వు వచ్చినప్పటి ఆఖరి రోజు గుర్తొచ్చింది. ఆ పొద్దున్న ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. అందుకే గుర్తుండిపోయిందేమో.

మిల్లు కూత వేసింది. నీ కూతురు కెజియకి అప్పుడు ఏడాదిన్నర. అరుగు మీద కూర్చుని నా చెప్పుల్లో ఇసక పోస్తోంది. మీ అన్న శాంతికుమార్ బండి తుడుస్తూ, "మీ దొరసానికి అక్కడ ఇసక దొరకదేటే" అన్నాడు. అమ్మ నీ తల దువ్వుతోంది. చిక్కు గట్టిగా లాగితే "ముప్పై మూడేళ్ళదాన్నే అమ్మా" అన్నావు. "నీ వయసు జుత్తుకి తెల్దు" అంది అమ్మ.

నేను అంబలి గ్లాసులు సర్దాను. అందరికీ పోశాక అమ్మ ఎప్పట్లాగే చిన్న ఇత్తడి గ్లాసులో రెండు గుక్కలు పోసి కిటికీ మీద పెట్టింది. "కాకికి గ్లాసెందుకే, ఆకులో పొయ్యొచ్చుగా" అని నవ్వావు. "మన కాకి గ్లాసులోనే తాగుతాది" అంది అమ్మ. నేను గ్లాసు పడకుండా కిటికీ ఊచ దగ్గరికి జరిపాను.

తరువాత నువ్వు ఎండుచేపలు మూడు కవర్లలో చుట్టావు. వాసన ఆగలేదు. నాలుగో కవరు కోసం నన్ను కేకేశావు. అంతే ఆ పొద్దున్న.

ఏడాదికోసారి వస్తానన్నావు. ఐదేళ్ళయింది. అమ్మకి డెబ్భై ఎనిమిది. ఫోను చెవికి పెడితే ఏమీ వినపడక నా చేతికి ఇచ్చేస్తుంది. ఉత్తరమైతే పక్కన కూర్చుని గట్టిగా చదువుతాను, వింటుంది. నిన్న అడిగింది: "దానికి కాయితాలు అయిపోయాయేటే, మనసు అయిపోయిందేటే?"

అడిగింది అడిగినట్టు రాశాను. జవాబు నువ్వే రాయి.

ప్రార్థనలో ఉన్నావు.
అప్ప

*

లెస్టర్,
9 జూలై 2023

అప్పకు వందనాలు.

నీ ఉత్తరం వంటగదిలో నిలబడి చదివాను. నాలుగో కవరు దగ్గర నవ్వొచ్చింది. ఆఖరి మాట దగ్గర కూర్చుండిపోయాను. అమ్మ ఎప్పుడూ సగమే అడుగుతుంది, ఆ సగం సూటిగా వచ్చి తగులుతుంది.

కెజియ బాగుంది. ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఇంగ్లీషులో నాతో పోట్లాడుతుంది, నేను తెలుగులో తిరగబడతాను. గెలుపు ఎవరిదో మా ఇద్దరికీ తెలీదు. నేను వేలు చూపించి "ఇదేటి, అదేటి" అంటుంటే కింది అంతస్తు ముసలాయన అది పాప పేరేమో అనుకుంటున్నాడు. ఇంతవరకూ అమ్మకి చదువు. ఈ రెండో కాయితం చదవొద్దు.

అప్పా, అయిపోయింది కాయితాలే. మనసు కాదు.

రూబెన్, నేను విడిపోయి రెండేళ్ళయిందని నీకు తెలుసు. నా వీసా అతని భార్యగా ఇచ్చినది. అతను ఇక్కడే పుట్టినవాడు, కెజియ కూడా ఈ దేశపు పిల్లే. పిల్ల ఇక్కడిదైతే పిల్లని కన్నదాన్ని నేనూ ఇక్కడిదాన్నే అనుకున్నాను. నా తెలివి అంత. వీసా పోయిన నవంబరులోనే అయిపోయింది. మే నెలలో పనిచేసే చోట కాయితాలు అడిగితే అప్పుడు చూసుకున్నాను. ఆ రోజే పని మానిపించారు. చర్చి వాళ్ళు ఇచ్చిన గదిలో ఉంటున్నాం.

ఒక దారి ఉందట. భార్యగా కాదు, తల్లిగా దరఖాస్తు పెట్టుకోవడం. బిడ్డ ఈ దేశపు పిల్ల, నా దగ్గరే ఉంటోంది, నేనే పెంచుతున్నాను, కాబట్టి నన్ను ఉండనివ్వండి అని. గడువు దాటినదాన్ని కాబట్టి ఇస్తారో లేదో గట్టిగా చెప్పలేనంది చర్చి వాళ్ళు చూపించిన లాయరమ్మ. ఇవ్వకపోతే నేను వచ్చెయ్యాలి. పాప రాదు. రూబెన్ పాపని దేశం దాటనివ్వడు. చెడ్డవాడేం కాదు, శనివారం శనివారం వచ్చి ఈతకి తీసుకెళ్తాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం బండరాయి.

అమ్మకి ఇది తెలియకూడదు. నాకు ఫోన్లు కూడా వద్దు అప్పా. నీ గొంతు వింటే ఏడుపొస్తుంది, పాప చూస్తుంది. ఉత్తరాలే రాయి. ఈ కాలంలో ఉత్తరాలా అని లాయరమ్మే ఆశ్చర్యపోయింది. దాచి ఉంచమంది. ఇండియాలో నాకెవరున్నారు, పాపతో మీకేం సంబంధం అన్నీ అడుగుతారట, వాటిలో తెలుస్తుందట.

నీ
షాలిని

*

నెల్లిమర్ల,
30 జూలై 2023

చెల్లి షాలినికి,

నీ ఉత్తరం అందింది.

మొదటి కాయితం అమ్మకి చదివాను. "అదేటి" దగ్గర నవ్వింది. రెండోది మడిచి బైబిల్లో పెట్టాను. సాయంత్రం దీపాల వేళ అమ్మ అంది: "రెండు కాయితాలొచ్చాయి. ఒకటే సదివావు."

నేను అబద్ధం ఆడలేనని నీకు తెలుసు. చదివేశాను. నన్ను క్షమించు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయలున్నాయి, అవి ఒలుస్తూనే ఉంది. మీ వదిన రాజకుమారి వచ్చి, "ఆ రూబెన్ పాపని పంపడానికి సంతకం ఎట్టకపోతే ఆడి గుమ్మం ముందు కూకోవాల" అంది. శాంతి, "లెస్టరు గుమ్మం ముందు మంచు పడతాది, నువ్వెళ్ళి కూకో" అన్నాడు. అమ్మ ఇద్దరినీ ఊరుకోమంది. తరువాత నాతో చెప్పింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"గుంటని ఒదిలి రావొద్దని రాయి. ఏటైనా సరే, ఎవలికేటైనా సరే, ఒదిలి రావొద్దని రాయి."

రెండుసార్లు అంది. రాశానా లేదా అని ఇప్పుడే మళ్ళీ వచ్చి చూసింది. అక్షరాలు రాకపోయినా నీ పేరు ఎక్కడుందో గుర్తుపడుతుంది. దాని మీద వేలు పెట్టి వెళ్ళింది.

దరఖాస్తు పెట్టు. ప్రతి శుక్రవారం నీ కోసం ఉపవాసం ఉంటున్నాను.

అప్ప

*

లెస్టర్,
3 సెప్టెంబరు 2023

అప్పకు వందనాలు.

దరఖాస్తు వెళ్ళింది. వేలిముద్రలు కూడా ఇచ్చాను. అంట్లు తోమి తోమి నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయట, రెండుసార్లు తీశారు. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు, "కంగారు పడకండి" అంది. నాకు కంగారేమీ లేదు, నవ్వొచ్చింది. గీతలు లేని తల్లిని అనుకున్నాను.

తల్లినని రుజువు చూపించాలప్పా. ఎన్ని కాయితాలో. పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకొచ్చారో రాసిచ్చిన కాయితం. బడి టీచరు రాసిచ్చింది: రోజూ దింపేదీ తీసుకెళ్ళేదీ ఈవిడే, వాన రోజు గొడుగు పాప మీదే ఉంటుంది, ఈవిడ తడుస్తుంది. ఆ టీచరు అదంతా చూస్తోందని నాకు తెలీదు. కెజియ వేసిన బొమ్మ కూడా ఇచ్చాం. అందులో నేను చాలా పెద్దగా ఉన్నాను, ఇల్లు నా మోకాలి దాకా ఉంది.

మొన్న జ్వరమొస్తే రాత్రంతా పట్టుకుని కూర్చున్నాను. తెల్లారి మందు చీటీ దాచుకున్నాను, రుజువుకి పనికొస్తుందని. దాచుకున్నాక సిగ్గేసింది. కన్నబిడ్డ జ్వరాన్ని కూడా కాయితం చేసుకుంటున్నాను.

ఒక నియమం చెప్పాలి. జవాబు వచ్చేదాకా నేను ఈ దేశం దాటకూడదు. దాటితే దరఖాస్తు నేనే వెనక్కి తీసుకున్నట్టు. మళ్ళీ లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. లాయరమ్మ నన్నడిగింది: మీ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఏం చేస్తావు? రానని చెప్పాను.

అమ్మని అడుగు: నా చిన్నప్పుడు జ్వరమొస్తే ఏం పట్టేది? కెజియ మందు ఉమ్మేస్తోంది. అమ్మ చెప్పిన మాట అలాగే రాయి, నీ మాటల్లోకి మార్చకు. నాకు అమ్మ మాట కావాలి.

షాలిని

*

నెల్లిమర్ల,
8 అక్టోబరు 2023

చెల్లి షాలినికి,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే అమ్మ దగ్గర కూర్చుని మొత్తం చదివాను. గట్టిగానే చదివాను.

అమ్మ నిద్రలో ఉంది.

జ్వరానికి నీకు చోడంబలిలో ఉప్పు, కాస్త మజ్జిగ కలిపి పట్టేది. చల్లారాక, రెండేసి గుక్కలు. ఎక్కువ పట్టకూడదు. అది నాకూ తెలుసు.

వానలు ఆగలేదు. చంపావతి ఏరు నిండుగా ఉంది. శాంతి, రాజకుమారి బాగున్నారు. నువ్వు దేనికీ బెంగపెట్టుకోకు. అమ్మ చెప్పిన మాట గుర్తుంచుకో.

అప్ప

*

లెస్టర్,
12 నవంబరు 2023

అప్పకు వందనాలు.

ఇంత చిన్న ఉత్తరమా? కాయితానికి కరువొచ్చిందేటి నెల్లిమర్లలో?

ఇక్కడ చలి మొదలైంది. జవాబు ఇంకా రాలేదు. అమ్మకి ఊలు శాలువా పంపాను, ముదురాకుపచ్చ. ఉతికేటప్పుడు వేడినీళ్ళు పొయ్యొద్దని వదినకి చెప్పు. వదిన చేతిలో పడితే చేతిరుమాలు అయిపోతుంది.

కెజియకి అమ్మమ్మ కాకి కథ చెప్పాను. ఇప్పుడు రోజూ బొమ్మల కప్పులో పాలు పోసి కిటికీ బయట పెడుతోంది. కాకి రాలేదు, ఉడత వచ్చింది. కప్పు తన్నేసి పోయింది. "అమ్మమ్మ ఉడతని కూడా రానిస్తుందా?" అని అడుగుతోంది. అమ్మని అడిగి రాయి.

అప్పా, ఒక సంగతి. సెప్టెంబరు ఆఖరి శుక్రవారం, పాప బడిలో రొట్టెలు అమ్మే రోజు, అందుకే తేదీ గుర్తు. తెల్లవారుజామున కల వచ్చింది. అమ్మ నా వెనక కూర్చుని తల దువ్వుతోంది. చిక్కు లాగడం లేదు, అదే వింత. మెత్తగా, చివర్ల నుంచి, ఎవరి జుత్తో దువ్వుతున్నట్టు. తిరిగి చూడబోతే "కదలకు" అంది. లేచేసరికి జుత్తు దువ్వినట్టే ఉంది. నేను రాత్రి జడ వేసుకోకుండానే పడుకున్నాను. పాప దువ్విందేమో అనుకున్నాను, అది నిద్రపోతోంది.

అంతే. ఎందుకో నీకు చెప్పాలనిపించింది.

నీ ఉత్తరంలో అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. కోపమా నా మీద? అన్న ఫోను ఎత్తడం లేదు. వద్దన్నది నేనే, అయినా ఒకసారి చేశాను. చేస్తే ఎత్తాలి కదా.

షాలిని

*

నెల్లిమర్ల,
10 డిసెంబరు 2023

చెల్లి షాలినికి,

శాలువా అందింది. అమ్మ మీద కప్పాను. ఇప్పుడు మంచు బాగా పడుతోంది. నిద్రకి అడ్డం లేదు.

ఆ శుక్రవారం పొద్దున్న నేను అమ్మ తల దువ్వాను. చివర్ల నుంచే దువ్వాను. నీ కల చదివాక రెండు రోజులు కలం పట్టలేకపోయాను.

అమ్మకి నీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు. ఇది గట్టిగా రాస్తున్నాను.

ఉడతని కూడా రానిస్తుంది.

క్రిస్మసుకి సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పిస్తున్నాను. గొంతు సరిగా లేదు. లాయరమ్మ అడిగితే ఈ ఉత్తరాలు ఇవ్వు. నీ కోసం ప్రార్థిస్తున్నాను. నా కోసం కూడా చెయ్యి.

అప్ప

*

లెస్టర్,
28 జనవరి 2024

అప్పా,

వందనాలు రాయలేను.

లాయరమ్మ నీ ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోకి మార్పించమంది. అలా చేసి ముద్ర వేసిచ్చే పెద్దాయన ఉన్నారు, జ్ఞానానందం గారు, మన పార్వతీపురం పక్క మనిషి, రైల్వేలో చేసి ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు. మంగళవారం ఆయన బల్ల ముందు కూర్చున్నాను. వరసగా చదువుతున్నారు. మనవైపు మాటలు వచ్చినప్పుడల్లా ముచ్చటపడుతున్నారు. చిక్కుడుకాయల దగ్గర నవ్వారు. అక్టోబరు ఉత్తరం దగ్గర ఆగారు. డిసెంబరుది తీసి పక్కన పెట్టుకున్నారు. కళ్ళద్దాలు తీశారు.

"అమ్మగారు నిద్రించి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఎప్పుడూ నిద్రలోనే ఉంటోందండి. వయసు కదా."

ఆయన కలం కింద పెట్టేశారు. "నేనడిగింది ఆ నిద్ర కాదు తల్లీ" అన్నారు.

నాకు అప్పటికీ తెలియలేదు. నవ్వుతూనే ఉన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "ఇంగ్లీషులో ఏ నిద్ర రాయమంటావు? రెండూ ఒకటి కావు అక్కడ" అన్నారు.

ఆ మాట మన ఇంటి మాటే కదప్పా. నాన్న పోయినప్పుడు కార్డు మీద అచ్చువేయించింది ఆ మాటే, ప్రభువునందు నిద్రించెను అని. సమాధుల తోటలో ప్రతి రాయి మీదా ఉన్నది ఆ మాటే. ముక్కూ మొహం తెలియనాయనకి అర్థమైంది, కడుపున పుట్టినదాన్ని, నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండా రెండుసార్లు చదివి దిండు కింద పెట్టుకున్నాను. శాలువా పంపాను. వేడినీళ్ళు పొయ్యొద్దని రాశాను.

నువ్వు అబద్ధం ఆడవని ఊరంతా చెప్పుకుంటుంది. నిజాన్ని ఇలా కూడా వాడతారని నాకు తెలీదు.

అన్నకి పదకొండుసార్లు చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి పన్నెండుకి టికెట్టు తీశాను. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. పాపని రూబెన్ దగ్గర దింపి వస్తాను. దరఖాస్తు పోతే పోనీ. అమ్మ మట్టి చూడాలి. మళ్ళీ ఇక్కడికి రానిస్తే వస్తాను, లేకపోతే లేదు. లాయరమ్మకి చెప్పలేదు. కెజియకి కూడా. దాని బట్టలు వేరే సంచిలో సర్దుతుంటే "నీవి ఎందుకు ఇందులో లేవు?" అని అడిగింది.

నాకు ఒక్కటి చెప్పు. అమ్మ నన్ను అడిగిందా?

ఉత్తరం చేరేసరికి ఆలస్యమవుతుంది, అందుకే ఫోటో తీసి అన్న ఫోనుకి పంపుతున్నాను. ఎత్తకపోయినా చూస్తాడు కదా.

షాలిని

*

నెల్లిమర్ల,
4 ఫిబ్రవరి 2024, ఆదివారం

చెల్లి షాలినికి,

అమ్మ సెప్టెంబరు 29, శుక్రవారం తెల్లవారుజామున పోయింది. ఇది నాలుగు నెలల కిందట రాయవలసిన వాక్యం.

బాధ పడలేదు. మూడు రోజులు ముద్ద ముట్టలేదు, అంతే. అడిగావు కాబట్టి చెప్తున్నాను. గురువారం సాయంత్రం నిన్ను అడిగింది.

"సాలినికి కాయితాలొచ్చాయేటే?"

"ఇంకా లేదమ్మా."

"అయితే దానికి సెప్పకు. తెలిస్తే వచ్చేస్తాది. గుంటని ఒదిలేసి వచ్చేస్తాది."

"అడిగితే ఏం చెప్పను? నాకు అబద్ధం రాదు."

"నిద్రపోతన్నాదని సెప్పు." నా చెయ్యి పట్టుకుని అంది: "అది నీకు వచ్చుగదే."

ఆ చివరి మాట నీకు అర్థం కాదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను.

నాకూ శాంతికీ మధ్య దావీదు అని తమ్ముడుండేవాడని మీకు తెలుసు. జ్వరంతో పోయాడని తెలుసు. అంతవరకే తెలుసు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఏడాదిన్నర. కోటబొమ్మాళిలో అమ్మమ్మ పోయిందని కబురొచ్చింది. వాడికి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. ఎండలో తిప్పడమెందుకని అమ్మ వాడిని నాకు అప్పగించి ఒక్కతే పాసింజరు ఎక్కింది. నాన్నకి మిల్లులో షిఫ్టు. "అంబలి పట్టు. కిటికీ దగ్గర పడుకోబెట్టు, గాలొస్తాది" అని చెప్పి వెళ్ళింది.

పట్టాను. ఆ ఇత్తడి గ్లాసుతోనే. మొదటి రోజు తాగాడు. రెండో రోజు రెండు గుక్కలు తాగి మొహం తిప్పేశాడు. ఏడుపు మానేశాడు. నేను బాగా చూసుకున్నాననుకున్నాను. మధ్యాహ్నం బండి దిగి అమ్మ వచ్చింది. గుమ్మంలోనే నోటి మీద వేలు పెట్టి చెప్పాను: "సప్పుడు సెయ్యకమ్మా. తమ్ముడు నిద్రపోతన్నాడు."

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నలభై ఏడేళ్ళు అనలేదు. రోజూ పొద్దున్న రెండు గుక్కలు కిటికీ మీద పెట్టింది. నువ్వు కాకికనుకున్నావు. "మన నమ్మకం ఇది కాదు కదమ్మా" అని ఒకసారి అన్నాను. "నమ్మకం కాదే, అలవాటు" అంది. నువ్వు కెజియని తెచ్చినప్పుడు దానికి అదే వయసు. ఆ పది రోజులూ అమ్మ దాన్ని కిటికీ దగ్గర పడుకోనివ్వలేదు. నువ్వు గమనించావో లేదో.

తన తల్లి మట్టి కోసం వెళ్ళి బిడ్డ దగ్గర లేకుండా పోయిన మనిషి. అందుకే ఆ మాట రెండుసార్లు రాయించింది.

అప్పుడు తెలియక అన్నాను. ఈసారి తెలిసి రాశాను. అమ్మ చెప్పిందన్నది నిజమే, కానీ రాసిన చెయ్యి నాది. నీ సెప్టెంబరు ఉత్తరం చదివింది సమాధుల తోటలో. శాలువా కప్పింది అక్కడే, మట్టి మీద. శాంతి ఫోను ఎత్తకపోవడం నా మాట మీదే. నీ ఏడుపు నీకు లేకుండా చేశాను. దానికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

ఇవాళ ఆరాధన అయ్యాక అందరం ఇంట్లో కూర్చున్నాం. దావీదు సంగతి ముందు వాళ్ళిద్దరికీ చెప్పాను. రాజకుమారి నా పక్కకి వచ్చి కూర్చుంది. శాంతి లేచి గుమ్మంలోకి వెళ్ళాడు. తరువాత నీ ఫోటో ఉత్తరం మళ్ళీ చదివాడు.

"రానీ అప్పా. తల్లి మట్టి కాడికి రావొద్దనడానికి మనమెవలం?" అన్నాడు.

"ఆ సంచి సంగతి సదివావా?" అంది రాజకుమారి. "గుంట బట్టలు ఏరే సంచిలో ఎట్టిందట. అది సదివి కూడా రమ్మంటావేటి?"

"సాలిని జీవితమంతా మనల్ని తిడతాది" అన్నాడు శాంతి.

"తిట్టనీ. గుంట పక్కన కూకుని తిడతాది గదా."

చివరికి ఇద్దరూ నన్ను చెప్పమన్నారు. నేను ప్రార్థన చేశాను, తరువాత చెప్పాను. ముగ్గురం ఒప్పుకున్నవి రాస్తున్నాను.

ఒకటి, నువ్వు రావద్దు. ఇది అమ్మ మాట కాదు, అమ్మ మాట వెనక దాక్కోను. మా మాట. ఆ టికెట్టు మానుకో. రేపే లాయరమ్మకి అమ్మ పోయిన సంగతి చెప్పు, జ్ఞానానందం గారిని సరైన నిద్ర రాయమను. ఈ ఉత్తరం కూడా ఇవ్వు, ఇవాళే శాంతి ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతాడు.

ఇంకొకటి. ఆ రోజు ఒకరి తరువాత ఒకరం మూడేసి పిడికిళ్ళ మట్టి వేశాం. నీ వంతు దగ్గర పాస్టరు గారు ఆగారు. నీ మూడు పిడికిళ్ళు నేను కొంగులో మూటకట్టుకుని వచ్చాను. ఆ మట్టి బిస్కెట్ల డబ్బాలో ఉంది. ఈస్టరు లోపల సమాధి కట్టిద్దామని మేస్త్రి అసిరయ్యకి శాంతి చెప్పి ఉంచాడు. ఇవాళ పిలిచి వద్దన్నాం. "ఉత్తి మట్టి వానకి కుంగిపోతాదమ్మా" అన్నాడు. కుంగితే మళ్ళీ పోస్తామన్నాను. నీ పిడికిలి పడేదాకా సిమెంటు పడదు. ఏడాదైనా సరే, ఐదేళ్ళయినా సరే. కెజియ చేత కూడా ఒక పిడికిలి వేయించు.

మూడోది రాజకుమారి అడిగింది. అమ్మ పోయినప్పటి నుంచి తమ్ముడి గ్లాసు నేనే పెడుతున్నాను, దాని పక్కన అమ్మకి ఒకటి. "సాలినికి కూడా ఒకటి ఎడదామేటి అప్పా? ఇంటి మనిషే గదా" అంది. శాంతి లేచి వంటగదిలోకి వెళ్ళాడు, నీ స్టీలు గ్లాసు తీశాడు, చేతిలో తిప్పి చూసి, మళ్ళీ మా గ్లాసుల వరసలోనే బోర్లించాడు.

కిటికీ మీద పెట్టేది ఇంకెప్పటికీ రాలేనివాళ్ళకి. నీకు పెట్టకూడదని నిర్ణయించాం.

అప్ప